ఏటీవీకి స్నో ప్లో కడుతున్నారా? బ్లేడ్ కొనే ముందు మంచు బరువు లెక్క చూసుకోండి

రాత్రి పడుకునేటప్పుడు డ్రైవ్‌వే మామూలుగానే ఉంటుంది. పొద్దున లేచి గ్యారేజ్ డోర్ ఎత్తితే మోకాలి దాకా మంచు! 8 గంటలకు ఆఫీసు, పిల్లలకు స్కూలు. మిషిగన్, మిన్నెసోటా, న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో వైపు ఉండేవాళ్లకు చలికాలమంతా ఇదే కథ. అక్కడ సెటిలైన మన తెలుగువాళ్లు కూడా సిటీకి కాస్త దూరంగా ఎకరం, రెండెకరాల స్థలంలో ఇల్లు కొన్నాక ఎదుర్కొనే మొదటి ప్రశ్న.. ఇంత పొడవు డ్రైవ్‌వేని పారతో ఎలా క్లీన్ చేయాలి?

దానికి చాలామంది వెతుక్కునే సమాధానం ఏటీవీ. నాలుగు చక్రాలు, హ్యాండిల్ బార్, బైక్ లాంటి సీటు ఉండే ఆ బండికి ముందు ఒక బ్లేడ్ బిగిస్తే స్నో ప్లో రెడీ. మన ఊళ్లో ట్రాక్టర్‌కు ముందు బ్లేడ్ కట్టి పొలంలో మట్టి చదును చేస్తారు కదా, దాదాపు అదే ఐడియా. కాకపోతే నెట్టేది మట్టి కాదు, మంచు. 'మంచే కదా, తేలిగ్గా పోతుంది' అనుకునే దగ్గరే చాలామంది దెబ్బతింటున్నారు. ఏ బ్లేడ్ కొనాలి, ఎలా వాడాలి, ఎక్కడ జాగ్రత్త పడాలి.. వివరంగా చూద్దాం.

మంచు ఎంత బరువుంటుంది?

ముందు ఒక చిన్న లెక్క. డ్రైవ్‌వే 100 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు అనుకుందాం. రాత్రికి రాత్రి 10 అంగుళాల మంచు పడింది. మామూలుగా వాడే అంచనా ప్రకారం 10 అంగుళాల మంచు కరిగితే 1 అంగుళం నీళ్లు వస్తాయి. ఆ లెక్కన మీ డ్రైవ్‌వే మీద పడి ఉన్నది దాదాపు 2,800 కిలోలు. 50 కిలోల సిమెంట్ బస్తాలు 56! ఇది పొడి మంచు సంగతి. ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల దగ్గర ఊగిసలాడే రోజుల్లో పడే తడి మంచు అయితే ఈ బరువు రెట్టింపు కావచ్చు. ఆ తడి మంచుకు అమెరికాలో 'హార్ట్ ఎటాక్ స్నో' అనే పేరు కూడా ఉంది.

ఆ పేరు ఊరికే రాలేదు. అమెరికాలో 1990 నుంచి 2006 వరకు ఆస్పత్రుల ఎమర్జెన్సీ కేసులను పరిశీలిస్తే, మంచు తవ్వుతూ గాయపడి లేదా అస్వస్థతకు గురై వచ్చినవాళ్లు ఏడాదికి సగటున 11,500 మంది ఉన్నారు. ఆ 17 ఏళ్లలో గుండె సంబంధిత కారణాలతో చనిపోయినవాళ్లు 1,600 మందికి పైనే. చలికి రక్తనాళాలు బిగుసుకుపోతాయి. అదే టైంలో చేతులతో బరువు ఎత్తుతాం, తెలియకుండానే ఊపిరి బిగబడతాం. బీపీ, గుండె వేగం ఒక్కసారిగా పెరుగుతాయి. దక్షిణాసియా వాళ్లకు గుండె జబ్బుల ముప్పు మిగతావాళ్లకన్నా ఎక్కువని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ చెబుతూనే ఉంది. కాబట్టి చలికాలంలో పిల్లల దగ్గరకు వచ్చిన అమ్మానాన్నలు 'ఖాళీగానే ఉన్నాగా, నేను తవ్వుతాలే' అని పార పట్టుకుంటే మాత్రం దయచేసి ఆపండి.

అసలు ఏటీవీ అవసరమా?

రెండు కార్లు పట్టే 40 అడుగుల డ్రైవ్‌వే అయితే అక్కర్లేదు. దానికి స్నో బ్లోయర్ చాలు. ఖర్చు తక్కువ, గ్యారేజ్‌లో చోటూ తక్కువే. టౌన్‌హౌస్ అయితే మంచు తీసే పని చాలాచోట్ల అసోసియేషనే చూసుకుంటుంది. కొన్ని కాలనీల రూల్స్‌లో ఏటీవీలు నడపడమే నిషేధం. కొనేముందు ఆ కాగితాలు ఒకసారి తీసి చదవండి.

డ్రైవ్‌వే 100 అడుగులు దాటినా, గ్రావెల్ రోడ్డు అయినా, ఎండాకాలంలో స్థలంలో వేరే పనులకూ బండి ఉపయోగపడుతుందనుకున్నా అప్పుడు ఏటీవీ లెక్క కుదురుతుంది. కేవలం మంచు కోసం వేల డాలర్లు పోసి కొత్త బండి కొనడం మాత్రం నా లెక్కలో దండగే. దానికన్నా సీజన్ కాంట్రాక్ట్ మాట్లాడుకుంటే ట్రక్కు ప్లో వాళ్లే వచ్చి తీసి వెళ్తారు.

ఇంట్లో ఇప్పటికే ఏటీవీ ఉంటే చూడాల్సినవి మూడు: ఫోర్ వీల్ డ్రైవ్ ఉందా, లో రేంజ్ గేర్ ఉందా, బండి బరువు ఎంత. ఇంజిన్ 400 సీసీ, అంతకుమించి ఉంటే మంచిదంటారు. నిజానికి సీసీ కన్నా ముఖ్యమైనది గ్రిప్. ఇంజిన్‌కు ఎంత పవర్ ఉన్నా, టైర్లు అక్కడే గిర్రున తిరుగుతుంటే మంచు అంగుళం కూడా కదలదు.

బ్లేడ్ సైజు.. ఇక్కడే తప్పు జరిగేది

ఏటీవీ బ్లేడ్‌లు 48 అంగుళాల నుంచి 72 అంగుళాల దాకా దొరుకుతాయి. మామూలు ఏటీవీ వెడల్పు 48 అంగుళాల దగ్గర ఉంటుంది. 'సరే, 48 బ్లేడ్ సరిపోతుంది' అని కొనేస్తే అయిపోయినట్టే!

ఎందుకంటే మంచును ఎప్పుడూ తిన్నగా నెట్టం. ఒక పక్కకు పోవాలంటే బ్లేడ్‌ను ఏటవాలుగా తిప్పాలి. అలా తిప్పగానే అది తీసే దారి వెడల్పు తగ్గిపోతుంది. 30 డిగ్రీలు తిప్పితే 48 అంగుళాల బ్లేడ్ తీసేది సుమారు 42 అంగుళాలే. అంటే మీ వెనక చక్రాలు మీరు తీయని మంచునే తొక్కుకుంటూ వెళ్తాయి. తొక్కిన మంచు గట్టిపడి, రాత్రికి ఐస్ అవుతుంది. మరుసటి రోజు అదే మీ బండిని జారేలా చేస్తుంది. 54 అంగుళాలది తిప్పితే 47, అంటే అటూఇటూ. 60 అంగుళాలది తిప్పినా 52 మిగులుతుంది. అందుకే మీడియం, పెద్ద సైజు ఏటీవీలకు 60 అంగుళాలు సేఫ్ చాయిస్. 66, 72 అంగుళాలవి స్టీరింగ్, పక్కపక్కన సీట్లు ఉండే యూటీవీలకు వదిలేయండి. బ్లేడ్ పెద్దదైతే అది తోసే మంచు బరువూ పెరుగుతుంది, ముందు సస్పెన్షన్ కిందకు దిగిపోతుంది.

స్టీల్ బ్లేడా, ప్లాస్టిక్‌దా? దీని మీద వాదనలు చాలా జరుగుతాయి కానీ తేడా అంత పెద్దదేమీ కాదు. స్టీల్‌ది గట్టిగా ఉంటుంది, పెయింట్ లేస్తే తుప్పు పడుతుంది. ప్లాస్టిక్ బ్లేడ్‌కు మంచు అంతగా అంటుకోదు. స్టీల్ కొన్నవాళ్లు సీజన్‌లో అప్పుడప్పుడు సిలికాన్ స్ప్రే కొడితే అంటుకోవడం తగ్గుతుంది. ఇంగ్లిష్ 'వి' అక్షరం ఆకారంలో ఉండే బ్లేడ్‌లు, ఒక పక్క ఎత్తు ఎక్కువగా ఉండేవి కూడా ఉన్నాయి. పొడవాటి ప్రైవేట్ రోడ్లు ఉంటే తప్ప ఇంటి డ్రైవ్‌వేకి వాటితో పనిలేదు.

ధర చూసి మోసపోవద్దు.. డబ్బాలో అన్నీ రావు

వెబ్‌సైట్‌లో 'స్నో ప్లో బ్లేడ్' అని తక్కువ ధర కనిపిస్తుంది. ఆర్డర్ పెట్టాక డబ్బా విప్పితే అందులో ఉండేది బ్లేడ్ మాత్రమే! దాన్ని బండికి కలపడానికి పుష్ ట్యూబ్స్ కావాలి. ఆ ట్యూబ్స్‌ను బండికి బిగించడానికి మౌంట్ ప్లేట్ కావాలి. బ్లేడ్ పైకి లేపడానికి వించ్ కావాలి. కొన్ని కంపెనీలు అన్నీ కలిపి కిట్‌గా అమ్ముతాయి, చాలా వరకు విడివిడిగానే వస్తాయి. మౌంట్ ప్లేట్ అయితే మీ బండి కంపెనీ, మోడల్, తయారైన ఏడాది.. మూడూ కలిస్తేనే సెట్ అవుతుంది. హోండాది పొలారిస్‌కు పట్టదు. ఒకే పేరుతో వచ్చిన బండికి కూడా రెండేళ్ల తేడాలో ఫ్రేమ్ మారిపోయి ఉండొచ్చు. ఇవన్నీ అక్టోబర్‌లోనే తెప్పించి, ఒకసారి బిగించి చూసుకోవాలి. మొదటి తుపాను వచ్చాక ఆర్డర్ పెడితే మంచు కరిగాక డెలివరీ అవుతుంది!

మౌంట్ రెండు రకాలు. ఒకటి బండి పొట్ట కింద, మధ్యలో బిగించేది. దీంతో నెట్టే బలం ఫ్రేమ్ మధ్యలో పడుతుంది కాబట్టి బండికి శ్రమ తక్కువ. కానీ బ్లేడ్ ఎక్కువ ఎత్తు లేవదు. పైగా బిగించడానికి, తీయడానికి ప్రతిసారీ నేల మీద పడుకోవాల్సి రావచ్చు. రెండోది ముందు భాగంలో బిగించేది. ఎక్కువ ఎత్తు లేస్తుంది, తీయడం సులువు. కాకపోతే దెబ్బ తగిలితే నేరుగా ముందు ఫ్రేమ్ మీద పడుతుంది. నేల ఎగుడుదిగుడుగా ఉండి రాళ్లు, వేర్లు ఉన్నచోట మధ్య మౌంటే మేలు.

వించ్ విషయంలో చాలామంది కెపాసిటీ చూస్తారు. ఏటీవీలకు మామూలుగా వాడే 2,500 పౌండ్ల వించ్ బ్లేడ్ ఎత్తడానికి ధారాళంగా సరిపోతుంది. ప్రాబ్లం అది కాదు. గంటలో వందసార్లు పైకీ కిందకీ ఆడించేటప్పుడు తాడు ఎప్పుడూ ఒకేచోట వంగుతుంది, ఒకేచోట అరుగుతుంది. స్టీల్ వైర్ అయితే పోగులు లేచి తెగిపోతుంది. అందుకే ఈ పని కోసమే దొరికే చిన్న పట్టీ లేదా సింథటిక్ తాడు వేసుకోవాలి. బ్లేడ్ పూర్తిగా పైకి లేచాక కూడా బటన్ నొక్కి పట్టుకుంటే ఆ తాడూ తెగుతుంది, మౌంటూ వంగుతుంది. ఇంకోటి.. వించ్ బ్యాటరీని తాగేస్తుంది. ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు బ్యాటరీ సరిగా చార్జ్ కాదు. అసలే చలికి బ్యాటరీ బలం తగ్గుతుంది. రాత్రి చార్జర్‌కు పెట్టి ఉంచితే పొద్దున బండి స్టార్ట్ కాలేదన్న బాధ ఉండదు.

మంచు పడకముందే చేయాల్సిన పని

నవంబర్‌లో నేల కనిపిస్తున్నప్పుడే డ్రైవ్‌వే మొత్తం ఒకసారి నడిచి చూడాలి. లేచిన కాంక్రీట్ అంచు, మ్యాన్‌హోల్ మూత, స్ప్రింక్లర్, చెట్టు వేరు.. ఇవన్నీ 8 అంగుళాల మంచు కింద మాయమవుతాయి. డ్రైవ్‌వే అంచుల వెంట రంగు పుల్లలు పాతుకోవాలి. నేల గడ్డకట్టాక అవి దిగవు.

బ్లేడ్ కింద రెండు పక్కలా చిన్న కాళ్లలాంటివి ఉంటాయి. వాటిని స్కిడ్ షూస్ అంటారు. తారు, కాంక్రీట్ అయితే బ్లేడ్ నేలను తాకేలా పెట్టుకోవచ్చు. గ్రావెల్ రోడ్డయితే అర అంగుళం నుంచి అంగుళం వరకు ఎత్తు ఉంచాలి. లేదంటే మంచుతో పాటు మీరు డబ్బిచ్చి పోయించుకున్న కంకర కూడా గడ్డిలోకి పోతుంది. ఏప్రిల్‌లో కూర్చుని ఏరుకోవాల్సిందే!

బ్లేడ్ వెనక ఉండే ట్రిప్ స్ప్రింగ్స్ గురించి తప్పకుండా తెలుసుకోవాలి. ఏదైనా గట్టిదానికి తగిలితే బ్లేడ్ ముందుకు మడిచి, దాటాక మళ్లీ లేచేలా చేసేవి ఇవే. బరువు ఎక్కువైనప్పుడు బ్లేడ్ మాటిమాటికీ పడిపోతోందని కొందరు వీటిని పూర్తిగా బిగించేస్తారు. అది ప్రమాదం. స్ప్రింగ్ మడవకపోతే ఆ దెబ్బంతా బండికి తగులుతుంది. బండి టక్కున ఆగిపోతుంది, మీరు హ్యాండిల్ మీదుగా ముందుకు వెళ్లి పడతారు. ఏటీవీకి సీట్ బెల్ట్ ఉండదు. అందుకే ఇంటి ముందే కదా అని హెల్మెట్ మానొద్దు.

ఎలా నెట్టాలి?

ఫోర్ వీల్ డ్రైవ్, లో రేంజ్, నడక కన్నా కాస్త ఎక్కువ వేగం. అంతే. హై రేంజ్‌లో బరువు నెడితే చాలా ఏటీవీల్లో ఉండే రబ్బరు బెల్ట్ జారి, వేడెక్కి, కాలిన వాసన వస్తుంది. వేగంగా వెళ్లి గుట్టను గుద్దితే పక్కకు జరుగుతుందని అనుకోవద్దు. మొన్నటి మంచు గుట్ట ఈరోజు గోడతో సమానం.

10 అంగుళాలు పడుతుందని ఫోర్‌కాస్ట్ ఉంటే మొత్తం పడేదాకా ఆగకండి. 4-5 అంగుళాలకు ఒకసారి, ఆగాక ఇంకోసారి తీయాలి. ఇందాకటి 2,800 కిలోలను రెండు వాయిదాల్లో నెడుతున్నారన్న మాట. ఏటీవీకి కూడా ఒక లిమిట్ ఉంది. 2022 నవంబర్‌లో బఫెలో పక్కనున్న ఆర్చర్డ్ పార్క్‌లో ఒకే తుపానులో దాదాపు 80 అంగుళాల మంచు పడింది. ఈరీ సరస్సు నీళ్లు ఇంకా గోరువెచ్చగా ఉండగానే దాని మీదుగా చల్లగాలి వీస్తే ఇలా కుమ్మరిస్తుంది. అలాంటప్పుడు ఏటీవీ బయటకు తీయడం దండగ, పెద్ద లోడర్లే రావాలి.

గ్యారేజ్ దగ్గర మొదలుపెట్టి బయటకు నెట్టాలి. తలుపుకు ఆనుకుని ఉన్న రెండు మూడు అడుగులు పారతో తీసుకోవడమే మంచిది. ఏటీవీ బ్లేడ్‌ను వెనక్కి లాగితే పెద్దగా గీకదు, దానికి అంత బరువు ఉండదు. ముందు మధ్యలో ఒక దారి తీసి, తర్వాత బ్లేడ్ తిప్పి ఒక్కో వరుస పక్కకు తోసుకుంటూ పోవాలి. నెట్టేటప్పుడు వించ్ తాడు కొంచెం వదులుగా ఉండాలి, అప్పుడే బ్లేడ్ నేల వంపును బట్టి కదులుతుంది. తాడు బిగుతుగా ఉంటే బ్లేడ్ గాల్లో వేలాడుతూ సగం మంచు వదిలేస్తుంది. వాలు ఉన్న డ్రైవ్‌వే అయితే పైనుంచి కిందకు నెట్టాలి. అడ్డంగా వెళ్తే బండి బోల్తా పడే ఛాన్స్ ఉంది. టైర్లు జారుతుంటే చైన్లు వేసుకోవచ్చు, కాంక్రీట్ మీద గీతలు పడినా పర్వాలేదనుకుంటేనే. వెనక ర్యాక్ మీద ఇసుక బస్తా పెట్టినా గ్రిప్ పెరుగుతుంది. ర్యాక్ మీద ఎంత బరువు పెట్టొచ్చో స్టిక్కర్ మీద రాసి ఉంటుంది, అది దాటొద్దు.

ఎక్కడికి నెట్టాలి? అసలు మ్యాటర్ ఇదే

డిసెంబర్ మొదటి వారంలో పడే తొలి మంచును చాలామంది డ్రైవ్‌వే అంచు దాకా తోసి వదిలేస్తారు. అది అక్కడే గడ్డకడుతుంది. తర్వాతి మంచు దానికి ఆనుకుని లోపలికి వస్తుంది. ఆ తర్వాతిది ఇంకా లోపలికి. ఫిబ్రవరి వచ్చేసరికి 12 అడుగుల డ్రైవ్‌వే 8 అడుగులవుతుంది, కారు తలుపు తెరవడం కూడా కష్టమే. ఆ గడ్డను కదిలించడం ఏటీవీ వల్ల కాదు. కాబట్టి తొలి మంచును అవసరానికి మించి దూరంగా, గడ్డి మీదకు ఆరేడు అడుగులు దాటించి తోయాలి. జనవరి మంచుకు డిసెంబర్‌లోనే చోటు ఖాళీ చేసి పెట్టుకోవడం అన్నమాట.

ఏ దిక్కుకు తోస్తున్నారో కూడా చూసుకోవాలి. ఇంటి గోడకు ఫర్నేస్ పొగ బయటకు వచ్చే పైపు ఉంటుంది. మంచు గుట్ట దాన్ని మూసేస్తే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి వస్తుంది. దానికి రంగు, వాసన ఉండవు. నిద్రలోనే ప్రాణాలు పోతాయి. ఏటీవీని కూడా గ్యారేజ్‌లో ఆన్ చేసి వేడెక్కనివ్వకూడదు, డోర్ ఎత్తి ఉన్నా సరే. స్టార్ట్ చేసిన వెంటనే బయటకు తీసేయాలి. సిటీ డ్రైనేజీ లేని ఇళ్లలో సెప్టిక్ పైపులు ఉన్న నేల మీద బండి తిప్పి మంచును తొక్కితే చలి లోపలికి దిగి పైపులు గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఫైర్ హైడ్రెంట్, మెయిల్ బాక్స్ సంగతి చెప్పక్కర్లేదు.

రోడ్డు మీదకు మాత్రం నెట్టొద్దు. మిషిగన్, మిన్నెసోటాతో పాటు చాలా రాష్ట్రాల్లో అది చట్ట విరుద్ధం. మీరు రోడ్డుకు అడ్డంగా వదిలిన గుట్ట రాత్రి ఐస్ అయి, దాని మీద ఎవరి కారైనా జారితే కేసు మీ మెడకే చుట్టుకుంటుంది. ఏటీవీతో రోడ్డెక్కి పక్కింటికి వెళ్లొచ్చా అనేదానికీ ఒక్కో రాష్ట్రంలో, ఒక్కో ఊళ్లో ఒక్కో రూల్. లోకల్ పోలీసుల వెబ్‌సైట్ చూసుకోవడం మేలు.

ఇక అందరికీ ఒళ్లు మండించేది.. డ్రైవ్‌వే మొత్తం క్లీన్ చేసి టీ పెట్టుకునేలోపు సిటీ ప్లో ట్రక్ వచ్చి, రోడ్డు మీది మంచంతా మీ గేటు దగ్గర గట్టులా పోసి వెళ్లడం. రోడ్డు మీద బండ్లు తొక్కి, ఉప్పు కలిసి ఉన్న మంచు అది. బరువూ ఎక్కువే, గంటల్లో రాయైపోతుంది. దీనికి ఒక చిట్కా ఉంది. అమెరికాలో కుడివైపు ట్రాఫిక్ కాబట్టి, ఇంటి నుంచి రోడ్డు వైపు తిరిగి నిలబడితే ట్రక్ మీ ఎడమ చేతి వైపు నుంచి వస్తుంది. డ్రైవ్‌వేకి ఎడమ పక్కన రోడ్డు అంచు వెంట కొంత మేర మంచు తీసి ఖాళీ గుంటలా ఉంచండి. మీరు తీసిన మంచును కుడి పక్కన పోయండి. ట్రక్ బ్లేడ్‌లో ఉన్న మంచు ముందు ఆ ఖాళీలో పడిపోతుంది, మీ గేటు దగ్గరకు వచ్చేసరికి తక్కువ మిగులుతుంది. ఎడమ పక్క గుట్ట ఉండదు కాబట్టి కారు బయటకు తీసేటప్పుడు వచ్చే బండ్లు కూడా కనిపిస్తాయి.

పిల్లలు ఎక్కుతామని గొడవ చేస్తారు. చాలా ఏటీవీలు ఒక్కరి కోసమే తయారైనవి. పెద్దల సైజు ఏటీవీని 16 ఏళ్ల లోపు వాళ్లు నడపకూడదని అమెరికా కన్జ్యూమర్ ప్రొడక్ట్ సేఫ్టీ కమిషన్ హెచ్చరిస్తోంది. మంచు గుట్టల్లో సొరంగాలు తవ్వి ఆడుకునే పిల్లలు బండి మీద నుంచి కనిపించరు. ప్లో నడుస్తున్నంతసేపు వాళ్లు ఇంట్లోనే ఉండాలి.

పని అయ్యాక బ్లేడ్‌ను నేలకు దించే బండి ఆపాలి, వించ్ తాడు మీద వేలాడదీసి వదలొద్దు. ఉప్పు నీళ్లు తగిలిన చోట కడిగి తుడవాలి. బ్లేడ్ కింది అంచుకు ఉండే వేర్ బార్ అరిగితే దాన్ని మాత్రమే మార్చుకోవచ్చు. చాలా మోడల్స్‌లో తలకిందులు చేసి బిగిస్తే రెండో అంచు కూడా వాడుకోవచ్చు. అది పట్టించుకోకుండా అరగనిస్తే తర్వాత అరిగేది బ్లేడే.